రక్తం సూదీ, అక్క కుడిచెయ్యీ

మా అక్క కుడిచెయ్యి పడిపోయిన పొద్దున నేను ఎవరి ఇంటికో ఇటుకలు లెక్కవేస్తున్నాను. జనగామలో ఇల్లు కట్టాలనుకున్నవాళ్లు మేస్త్రీ దగ్గరికి వెళ్లేముందు నా దగ్గరికి వస్తారు. గోడ పొడవు, ఎత్తు, మందం చెబితే ఎన్ని ఇటుకలు పడతాయో, దింపేటప్పుడు విరిగేవి ఎన్నో కూడా కలిపి చెబుతాను. బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నవి.

మా ఆవిడ ఫోను చేసింది. "వదినె చాయ్ గ్లాసు వట్టుకుంటలేదు. వట్టుకుంటె జారిపోతున్నది. మూతి గూడ వంకర వోయింది."

"ఎన్ని గంటల నుంచి?" అని అడిగాను.

ఆ మాట ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. "మనిషి కూలవడ్డదంటె గంటలు అడిగిండు గీన" అని పలకరించడానికి వచ్చిన ప్రతి బంధువుకూ చెప్పింది. నిజానికి దవాఖానలో డాక్టరు మొట్టమొదట అడిగిందీ అదే ప్రశ్న. ఆ సంగతి మాత్రం బంధువుల్లో ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి.

అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. మాది భూపాలపల్లి వైపు, టేకుమట్ల దగ్గరి పల్లె. అమ్మ లేని ఇంట్లో నన్ను పెంచింది అక్కే. ఎండాకాలం ఇద్దరం అడవికి పోయి బీడీలు చుట్టే తునికాకు తెంపేవాళ్లం. యాభై ఆకులు ఒక కట్ట. నేను ఆకు ఆకూ లెక్కపెట్టి కట్టేవాణ్ని. అక్క లెక్కపెట్టేది కాదు. ఆకులు ఎడమచేతిలో పట్టుకుని కుడి బొటనవేలితో అంచు నిమిరి, చాలనుకున్నప్పుడు నార చుట్టేసేది. విప్పి చూస్తే యాభై ఉండేవి. విప్పి చూశాను కాబట్టే చెబుతున్నాను, ఒకసారి కాదు.

ఆకు కొనే కల్లంలో అప్పగించేటప్పుడు వంద కట్టలకు రెండు కట్టలు పైన వేయాలి. చిరిగిన ఆకు పోతుందని ఆ కొసరు తీసుకునేవాళ్లు. అడిగితే వేసేవాళ్లు కొందరు, అడిగినా గొణిగేవాళ్లు కొందరు. అక్క అడగకముందే వేసేది. కల్లంలోనే కాదు, పక్కింటికి చేబదులు బియ్యం కొలిచినా పైన ఒక గుప్పెడు పడాల్సిందే. "ఉట్టి వంద ఇస్తె చెయ్యి చిన్నబోతది తమ్మీ" అనేది.

తర్వాత అక్కను మహబూబాబాద్ దగ్గరి పల్లెకు ఇచ్చారు. మహబూబాబాద్‌ను మావాళ్లు మానుకోట అనే అంటారు. బావ పోయాక, అక్క కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయని తేలాక, జనగామకు తెచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. అప్పటికే ఆమెకు రక్తం తక్కువ. కిడ్నీలు పాడైతే రక్తం ఎందుకు తగ్గుతుందో నాకు అంతుపట్టలేదు. వరంగల్‌లో డాక్టరు ఓపికగా చెప్పాడు.

"ఊళ్లె డప్పు చాటింపు ఉంటది గద, రేపు చెరువు కట్ట పనికి అందరు రావాలె అని. కిడ్నీలు గదే పని చేస్తయి. రక్తకణాలు తయారు చెయ్యిమని ఎముకలల్ల మూలుగకు చాటింపేస్తయి. మీ అక్కకు డప్పు కొట్టేటోడు ముసలోడైండు. సూదిల మేం ఇంకో డప్పు పంపుతున్నం, అంతే."

వారానికి ఒక సూది. ప్రతి బేస్తవారం పొద్దున నేను వరంగల్ వెళ్లి తెచ్చేవాణ్ని. ఆ మందు చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. అందుకని ఫ్లాస్కు అడుగున మంచుగడ్డలు, వాటి మీద మడతపెట్టిన గుడ్డ, గుడ్డ మీద సూది. బస్సులో సీటు దొరకకపోతే ఫ్లాస్కు కుదుపుకు అటూ ఇటూ పడకుండా ఛాతీకి ఆనించుకుని నిలబడేవాణ్ని. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా వీధిలో ఉండే నర్సమ్మ వచ్చి సూది వేసేది. ఆమెది మానుకోట వైపు తండా. ఇంట్లో వాళ్లది తండా భాష, మాతో తెలుగు. నన్ను ఆటపట్టించడానికి మాత్రం రెండూ వాడేది.

ఇదంతా నడుస్తుండగానే, బోనాల నెలలో, అక్కకు పక్షవాతం వచ్చింది. పది రోజులు దవాఖానలో ఉంచారు. కాలు తేరుకుంది, మూతి చక్కబడింది, మాట తిరిగివచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టిన వస్తువులా ఉండిపోయింది.

అసలు కష్టం అన్నం దగ్గర వచ్చింది. ఎడమచేత్తో తినమంటే అక్క ఒప్పుకోలేదు. చెంచా ఇస్తే పక్కన పెట్టింది. మా ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి కలిపి నోట్లో పెట్టేది. అప్పుడు ఎవరైనా వస్తే అక్క ముద్ద నోట్లో ఉంచుకుని నమలడం ఆపేసేది. పెళ్లికి పిలిస్తే పోలేదు, పురుటికి పిలిస్తే పోలేదు.

"నా చెయ్యితోని నేను తిన్ననాడు వస్తనని చెప్పుండ్రి" అంది. "నలుగుర్ల కూసుండి ఒకలతోని పెట్టించుకునుడు నాతోని కాదు."

తలుపు వెనక తినే తిండి ఎంత తింటుంది? నెల తిరగకముందే నాలుగు కిలోలు తగ్గింది. తూకం యంత్రం నేనే తెచ్చి పెట్టాను. రోజూ ఎక్కమంటే, "దీని మీద నీ ఇటుకలు పెట్టుకో" అనేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పేపర్లో ఒక వ్యాసం చూశాను. రక్తకణాలను పెంచే మందు దెబ్బతిన్న మెదడు బాగుపడటానికీ సాయం చేయవచ్చునట. మందు పేరు చూస్తే ఎరిత్రోపోయిటిన్. ఆ పేరు తడుముకోకుండా పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది కానీ, గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. మా ఫ్లాస్కులో వచ్చే సూది మీద ఉన్నది అదే పేరు. ఆ కబురును అందుకునే చోట్లు ఎముకల్లోనే కాదు, మెదడులో కూడా ఉన్నాయట. మెదడుకు దెబ్బ తగిలితే అది కూడా తనంతట తాను ఆ మందును కొంచెం చేసుకుంటుందట. ఎలుకలకు పక్షవాతం తెప్పించి ఈ మందు ఇస్తే చావాల్సిన కణాలు కొన్ని బతికాయట, కొత్త లంకెలు వేసుకున్నాయట.

వ్యాసం కత్తిరించి నోట్‌బుక్కులో అంటించాను. మనుషుల్లో ఈ సంగతి ఇంకా తేలలేదని చివరి పేరాలో ఉంది. ఆ పేరా మీద జిగురు కొంచెం ఎక్కువ పడింది. అంతకన్నా ఎక్కువ చెప్పను.

మరుసటి రోజే కొలత మొదలుపెట్టాను. ఒక గిన్నెలో చింతగింజలు పోసి, పక్కన ఖాళీ చెంబు పెట్టాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలుతో ఒక్కో గింజ తీసి చెంబులో వేయాలి. ఐదు నిమిషాలకు అలారం మోగుతుంది. ఎన్ని పడ్డాయో అక్కే లెక్కపెట్టుకోవాలి. సాయంత్రం నేను ఇంటికి రాగానే చెబితే నేను రాసుకుంటాను.

"చిన్నప్పుడు నీతోని ఎక్కాలు నేను అప్పజెప్పించుకున్న" అంది అక్క. "ఇప్పుడు చింతగింజలు నువ్వు అప్పజెప్పించుకుంటున్నవ్. తప్పితె గోడకుర్చీ ఏపిస్తవా?"

మొదటి వారం నాలుగు, నాలుగు, ఐదు. సూది తెచ్చిన బేస్తవారం ఎనిమిది. శుక్రవారం మళ్లీ ఐదు. తర్వాతి వారం ఆరు, ఆరు, ఏడు. బేస్తవారం పది. ఆరు వారాలు ఇదే వరుస. లెక్క మెల్లగా పెరుగుతూ పోయేది, సూది రోజున మాత్రం మూడు గింజలు ఎగిరేది. గళ్ల కాగితం మీద గీస్తే గీత నడుస్తూ నడుస్తూ ప్రతి బేస్తవారం ఎద్దు మూపురంలా లేచింది. ఆరు మూపురాలు.

ఇక నాకు నిద్ర పట్టలేదు. సూది రక్తానికే కాదు, మెదడుకూ తగులుతోంది. వారానికి ఒక సూదికి మూడు గింజలైతే రెండు సూదులకు ఆరు. ఆ లెక్కన బతుకమ్మ పండుగకల్లా అక్క తన చేత్తో అన్నం తింటుంది. నోట్‌బుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, వారానికి రెండు సూదులు ఇమ్మన్నాను.

అవి తెలంగాణ కోసం రోజుకో ఊరేగింపు జరుగుతున్న రోజులు. డాక్టరు జేబుకు నల్లబ్యాడ్జీ ఉంది. ఆయన నోట్‌బుక్కును మొదటి పేజీ నుంచి చదివాడు. "లెక్క మంచిగ పెట్టిన్రు" అన్నాడు. నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను.

"గీ బేస్తవారం గింజలున్నయి గద, అవి సూదికి ముందు తీసినయా, సూది ఏసినంక తీసినయా?"

నోట్‌బుక్కు నా వైపు తిప్పుకుని పేజీలు తిరగేశాను. నోట్‌బుక్కులో తేదీ ఉంది, వారం ఉంది, ఆ రోజు వాన పడిందో లేదో కూడా ఉంది. గంట లేదు. మనిషి కూలిపోయిందంటే ఎన్ని గంటల నుంచని అడిగినవాణ్ని, ఆరు వారాల్లో ఒక్కసారి కూడా గంట రాసుకోలేదు. నా మాట నమ్మి ఇళ్లు కట్టుకున్నవాళ్లు జనగామలో చాలామంది ఉన్నారు.

"సూది దగ్గర తొందర వద్దు" అన్నాడు డాక్టరు. "ఎక్కువిస్తె రక్తం చిక్కగైతది. చిక్కటి రక్తం మెదడుల మళ్లొక్కసారి అడ్డం వడ్డదనుకో, ఉన్న ఎడమచెయ్యి గూడ పోతది. మనిషే పోవచ్చు. మీరు చదివింది అబద్ధం కాదు, ఎలుకలల్ల మంచిగనే కనవడ్డది. మనుషులల్ల కొన్ని చోట్ల మేలన్నరు, కొన్ని చోట్ల ఏం లేదన్నరు, కొన్ని చోట్ల కీడు జరిగిందన్నరు. తేలేదాక రక్తానికి ఎంత గావాల్నో అంతే. మీ అక్క ఎలుక కాదు గద."

ఇంటికి వచ్చి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎలుకనైతె నీ నోట్‌బుక్కు ఎప్పుడో కొరికి పెడుదును" అంది.

నాకు మాత్రం పట్టుదల పోలేదు. ఇంకో నాలుగు మూపురాలు చూపిస్తే ఆయనే ఒప్పుకుంటాడు, లేదంటే వేరే డాక్టరును అడుగుదాం అనుకున్నాను. ఆ రోజు నుంచి గంట కూడా రాయడం మొదలుపెట్టాను.

అంతలో తెలంగాణ కోసం అందరూ కలిసి చేసే సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, రైళ్లు ఆగాయి, బళ్లకూ ఆఫీసులకూ తాళాలు పడ్డాయి. నిరసనగా రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే భోజనాలు. మొదటి బేస్తవారం వరంగల్ పోలేకపోయాను. సూది లేదు. ఆ రోజు గింజలు పంతొమ్మిది, ముందురోజూ పంతొమ్మిది. మూపురం లేవలేదు. రెండో బేస్తవారం కూడా అంతే, ఇరవై ఒకటి, ముందురోజూ ఇరవై ఒకటి. నాకు దిగులూ వేసింది, లోపల ఎక్కడో చిన్న గర్వమూ కలిగింది. సూది లేదు, ఎగురుడు లేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మూడో బేస్తవారం ఆగలేక, ఫ్లాస్కు ఛాతీకి కట్టుకుని మోటారుసైకిల్ మీద బయలుదేరాను. రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్లు, మొద్దులు తప్పించుకుంటూ వరంగల్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. తీరా చూస్తే మందు లేదు. హైదరాబాద్ నుంచి లారీలు రాక స్టాకు అయిపోయిందట. తిరుగుదారిలో రఘునాథపల్లి దగ్గర రోడ్డు మీద వంటలు చేస్తున్నవాళ్లు ఆపారు.

"ఫ్లాస్కుల చాయ్ ఉన్నదా అన్నా?"

"చాయ్ కాదు. మా అక్కకు సూది తేవాలని పోయిన."

"మరి సూదేది?"

"దొరకలేదు. మంచుగడ్డ తప్ప ఏం లేదు."

"మంచిదే. సల్లటి నీళ్లు తాగక వారమైంది" అని ఒకాయన గ్లాసు పట్టాడు. కరిగిన నీళ్లు తలా ఒక గుక్క తాగారు. నాకు పప్పన్నం పెట్టి, మీ అక్క మంచిగైతదని చెప్పి పంపారు.

సాయంత్రం ఇంటి ముందు బండి ఆపేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. ఛాతీకి ఉన్న ఫ్లాస్కును చూసింది. నేను బండి దిగకముందే కేకేసింది.

"ఇరువై ఆరు తమ్మీ! ఇయ్యాల ఇరువై ఆరు!"

నోట్‌బుక్కు తీసి ఇరవై ఆరు అని రాశాను. పక్కన గంట రాశాను, ఐదున్నర. ముందురోజు లెక్క ఇరవై రెండు. మూపురం లేచింది. రాసిన తర్వాత పెన్ను అక్కడే ఆగిపోయింది. ఫ్లాస్కు మూత తీసి బోర్లించాను. తడిగుడ్డ కిందపడింది.

"అక్కా, దీంట్ల సూది లేదు. దొరకలేదు."

అక్క గుడ్డ వంక చూసింది, నా వంక చూసింది.

"లేదా?" అంది. "అయితె ఇరువై మూడు రాసుకో."

లోపలి నుంచి మా ఆవిడ నవ్వు వినపడింది. నేను అక్క పక్కన గడపలో కూర్చున్నాను.

"ఇన్ని రోజులు గిట్లనే చెప్పినవా?"

"రోజు చెప్పలే. నువ్వు ఫ్లాస్కు వట్టుకొని వచ్చిననాడే. పొద్దంత బస్సుల నిలవడి, గా మంచుగడ్డను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొస్తివి. ఇంటికి రాంగనే ఉట్టిగ ఎనిమిది, ఉట్టిగ పది అని ఎట్ల చెప్తరా? ఓ మూడు కొసరేసిన."

ఆరు వారాలకు పద్దెనిమిది గింజలు. చెంబులో పడని గింజలు. అవన్నీ సూదికి ముందే, దీపాలు కూడా పెట్టకముందే, నేను గుమ్మంలో అడుగుపెట్టగానే లేచిన మూపురాలు. సమ్మె మొదలైన రెండు బేస్తవారాలూ ఫ్లాస్కు రాలేదు కాబట్టి కొసరూ పడలేదు. నేను దాన్ని రుజువనుకున్నాను.

నవ్వు రావాల్సిన చోట నాకు డాక్టరు మాట గుర్తుకొచ్చింది. "అక్కా, గా కొసరు చూసుకొనే నేను రెండు సూదులు ఇయ్యిమన్న. డాక్టరు నా మాట ఇంటె రక్తం చిక్కవడి పాణం మీదికి వచ్చేది."

అక్క ఎడమచేత్తో కుడిచెయ్యిని సర్దుకుంది. "నాకేం ఎరుక తమ్మీ. లెక్క పెరిగితె నువ్వు నవ్వుతున్నవ్. నీ మొఖంల నవ్వు జూసి ఏసిన" అంది.

రెండు సూదుల ఊసు అక్కడితో వదిలేశాను. గళ్ల కాగితం ఇంకొకటి తీసి, కొసరు తీసేసి మళ్లీ గీశాను. మూపురాలు పోయి గీత మిగిలింది. నాలుగు దగ్గర మొదలై ఇరవై మూడు దాకా, చెరువు కట్ట ఎక్కే బాటలా మెల్లగా పైకి పోతోంది. సూది ఉన్న వారాల్లోనూ లేని వారాల్లోనూ దాని వాలు ఒకటే. రక్తం సూది లోలోపల మెదడుకు ఏదైనా మేలు చేసిందేమో. చింతగింజలే చేశాయేమో. మెదడు తన మరమ్మతు తానే చేసుకుందేమో. ఒక్క చెయ్యి, ఒక్క నోట్‌బుక్కుతో తేలే లెక్క కాదది. తేల్చాలంటే ఎన్నో చేతులు కావాలి, కొసరు వేయని అక్కలు కావాలి. జిగురు కింద ఉన్న చివరి పేరాను ఆ రోజు నీళ్లతో తడిపి విప్పి, మళ్లీ చదివాను.

మరుసటి ఆదివారం జనగామలో మా వీధి చివర, పెద్దరోడ్డు మీద వంటలు పెట్టారు. నర్సమ్మ గరిటె చేతపట్టుకునే మా ఇంటికి వచ్చింది.

"పెద్దమ్మా, ఈ వారం గూడ సూది లేదు, పప్పున్నది. ఉప్పు తక్కువేసి నీ కోసం చిన్న గిన్నెల ఏరే తీసి పెట్టిన. రాకపోతె ఊకోను."

"నేను తినను బిడ్డా. వచ్చి కూసుంట, అంతే."

"కూసుండు. నీకు తినమని చెప్పేటోళ్లు ఎవలు? అన్న చెప్పిండనుకో, ఆయన గింజలల్ల పడి సగమైండు."

అక్కను మెల్లగా నడిపించి తీసుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. రోడ్డుకు ఒక పక్క పొయ్యిలు, ఇంకో పక్క భోజనాల బంతులు. పాటలు, నినాదాలు, పొగ. నర్సమ్మ అక్క ముందు స్టూలు వేసి, దాని మీద విస్తరి పరిచి అన్నం, పప్పు పెట్టింది. నేను వద్దనబోయాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

అక్క విస్తరి వంక చూస్తూ కూర్చుంది. ఆమెకు ఒక పక్క బడిపంతులు, ఇంకో పక్క గీతకార్మికుడు. ఎవరి విస్తరి వాళ్లది, ఎవరి ముద్ద వాళ్లది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు, నేను తప్ప. కుడిచెయ్యి మెల్లగా ఒళ్లోంచి లేచింది. వేళ్లు పప్పులోకి దిగాయి. బొటనవేలు విస్తరి అంచు మీదుగా అన్నాన్ని దగ్గరికి జరిపింది, తునికాకు అంచు నిమిరినట్టు. ముద్ద సరిగ్గా రాలేదు. సగం జారింది. మళ్లీ కూడదీసుకుంది. చెయ్యి లేచి, వణికి, మధ్యలో ఒక్క క్షణం ఆగి, నోటిదాకా చేరింది.

నా పెదవులు వాటంతట అవే "ఒకటి" అన్నాయి.

"తమ్మీ, అటు తిరుగు" అంది అక్క, నములుతూనే. "ముద్దలు లెక్కవెడ్తె దిష్టి తాకుతది."

తిరిగాను. చూసేందుకు ఎదురుగా పొయ్యిలు తప్ప ఏమీ లేవు. వాటినే లెక్కపెట్టాను. పద్నాలుగు. వెనక నుంచి అక్క గొంతు వినపడింది, రోడ్డు మీద అందరికీ వినపడేంత పెద్దగా.

"బిడ్డా, ఇంకింత అన్నమెయ్యి."

సరిచూసుకుందామని పొయ్యిలు మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి పదమూడే వచ్చాయి.